కట్ట ఎత్తు పద్నాలుగు మూరలు

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ. వయసు డెబ్బై ఆరు. ఊరు కొత్తతిప్ప, పల్లపువాడ మూడో వరుస, సముద్రపు కట్టకు లోపలివైపు. పని ఉప్పు మడి. ఇంట్లో ముగ్గురం. నేను, నా తోడికోడలు సీతారావమ్మ, ఎనభై ఒకటి, తుంటి విరిగి ఆరేళ్ళుగా మంచం మీద ఉంది, నా కూతురు పేరంటాలు, యాభై నిండాయి, మడి తొక్కేది ఆమే. మగవాళ్ళు లేరు. ఉన్నప్పుడు కూడా ఉప్పు మేమే తీశాం.

నాకు చదువు రాదు. మా వాడలో ఎవరికీ రాదు. వీధి మొగల్లో చాటింపు కంభాలు పాతి, అన్నీ అవే చదివి వినిపించడం మొదలయ్యాక బడిలో అక్షరాలు దిద్దించడం మానేశారు.

సభ హక్కులకు భంగం కలిగించానని నా మీద నేరం మోపారు. దానికి నేను కొత్తగా కల్పించి చెప్పేది లేదు. చీటీలు తీయగా పేరు వచ్చి సభకు వెళ్ళిన ప్రతి మనిషీ దినచర్య చెప్పి రాయించాలని మీ నియమమే ఉంది. నేను చెప్పగా సభ లేఖకుడు పసుమర్తి కూర్మారావు రాసిన ఆ కాగితాలే నా జవాబు. నా మాటను ఆయన కాగితానికి తగ్గట్టు సర్దాడు. సంగతి మాత్రం మార్చలేదు. రాసిన ప్రతిసారీ నాకు చదివి వినిపించాడు, నేను ఊ అన్నాకే మడిచాడు.

శుద్ధ తదియ

ఈ రోజు నా ప్రశ్న సభ ముందుకు వచ్చింది. నక్షత్రం గుర్తున్న ప్రశ్న, అంటే నోటితో జవాబు చెప్పి తీరాలి. చీటీ సభ్యులకు సమావేశానికి అలాంటిది ఒక్కటే. ఒకసారి జవాబు వచ్చిందంటే ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు.

సభలో కుర్చీయే మనిషి బరువును బట్టి హాజరు వేస్తుంది. నేను తేలికదాన్నని మొదటి మూడు రోజులూ గైర్హాజరు వేసింది. నాలుగో రోజు నుంచి రెండు వీశెల ఉప్పు మూట ఒళ్ళో పెట్టుకు కూర్చుంటున్నాను. ఈ సభలో దీపాలూ, మెట్ట మీదికి వచ్చే తీగబండీ, సంస్థల తరఫున జవాబులు చెప్పే యంత్రమూ నడిచేది మా ఉప్పు నింపిన కరెంటు పెట్టెలతోనే కాబట్టి నా మూటకూ హాజరు హక్కు ఉందనుకున్నాను.

కూర్మారావు రాసిన నా ప్రశ్న ఇది. (ఎ) కొత్తతిప్ప సముద్రపు కట్ట కుంగుతున్న మాట నిజమేనా? (బి) నిజమైతే పల్లపువాడలోని ఆరువందల పన్నెండు ఇళ్ళ సంగతి ఏం చేయబోతున్నారు?

కరకట్టల సంస్థ తరఫున యంత్రం జవాబు చెప్పింది. (ఎ) కాదు. (బి) ప్రశ్న ఉత్పన్నం కాదు.

అనుబంధ ప్రశ్న ఒకటి వేసుకోవచ్చన్నారు. కట్ట కుంగకపోతే నా మడిలో నీళ్ళు కట్టవైపుకే ఎందుకు జారుతున్నాయని అడిగాను. మడి చదును సభ్యురాలి సొంత బాధ్యత అంది యంత్రం. సభ నవ్వింది. నేను కూర్చున్నాను.

నా కడుపులో మాట ఇక్కడ చెప్పాలి. ఉప్పు మడిని కాళ్ళతో తొక్కి తొక్కి అద్దంలా చదును చేస్తాం. బెత్తెడు ఉప్పునీళ్ళు వదిలితే నాలుగు గట్ల దగ్గరా ఒకే లోతు నిలవాలి. మూడేళ్ళుగా నిలవడం లేదు. సముద్రంవైపు గట్టు దగ్గర లోతెక్కువ, ఇవతల బురద తేలుతుంది. మా వాడలో అలా అయితే తొక్కినవాళ్ళ కాళ్ళదే తప్పు అంటాం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అదే విన్నాం. నేను మూడేళ్ళు నా కూతుర్ని తిట్టాను. కాళ్ళలో సత్తువ లేదన్నాను, మనసు పని మీద లేదన్నాను. ఆమె మళ్ళీ తొక్కేది. పగిలిన మడమలతో మళ్ళీ తొక్కేది. ప్రతి ఇంట్లోనూ అమ్మలు కూతుళ్ళను ఇలాగే తిడుతున్నారని నాకు ఈ ఏడు తెలిసింది. ఆరువందల ఇళ్ళలో ఒక్కసారే కాళ్ళు చెడతాయా? అప్పుడు భయం పట్టుకుంది.

పంచమి

ఇంకొక్క తలుపు మిగిలింది. ప్రజా సంస్థల పరిశీలక సంఘంలో నేనొకదాన్ని. తొమ్మిది మందిమి. ప్రభుత్వ సంస్థలను పిలిపించి, ఏం చేస్తున్నారని అడగడం ఆ సంఘం పని. అధ్యక్షుడు దండు అప్పలనరసయ్య గారు, ఉత్తరాది మెట్ట మనిషి, నిదానస్తుడు. ఈ రోజు వంతు కరకట్టల సంస్థది. దాని పెద్ద హేమలత గారు వచ్చారు. మర్యాద తెలిసిన మనిషి. నేను పెద్దదాన్నని లేచి నిలబడే జవాబు చెప్పింది.

కట్ట ఎత్తు రోజుకు నాలుగుసార్లు కొలుస్తామని, ఇరవై రెండేళ్ళుగా పద్నాలుగు మూరల్లో ఒక్క వేలు కూడా తగ్గలేదని చెప్పింది. అది నాకూ తెలుసు. రోజూ పొద్దున్నే మా వీధి కంభం అదే చాటుతుంది. కట్ట ఎత్తు పద్నాలుగు మూరలు, క్షేమం. పిల్లలు దానికి దరువు కట్టి గంతులాడతారు.

ఎక్కణ్ణుంచి కొలుస్తారని అడిగాను.

“కట్ట అడుగున పునాది రాయి ఉందమ్మా. ఆ రాయి నుంచి కట్ట తల దాకా.”

“ఆ రాయి దేని మీద ఉంది?”

“నేల మీద.”

“నేల కిందికి పోతే?”

ఆమె కాగితం వైపు చూసింది. కాగితంలో అది లేదు.

“పడవలో నిలబడ్డ మనిషిని అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలవండి తల్లీ,” అన్నాను. “పడవ మునిగే దాకా వాడు ఆరడుగులే ఉంటాడు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

షష్ఠి

కూర్మారావుకు ఉబ్బసం. అయినా పాత కాగితాల గదిలో దుమ్ములో కూర్చుని కట్ట కట్టిన నాటి ఉత్తర్వు వెతికి తెచ్చాడు. అందులో ఇలా ఉందని చదివాడు: కట్ట తల లైట్‌హౌస్ గడపకు సమానంగా ఉండాలి, ఉన్నదని సంస్థ ధ్రువీకరిస్తున్నది. మా లైట్‌హౌస్ మెరకవాడలో గట్టి రాతిగుట్ట మీద ఉంది. ఆ రాయి కుంగే రాయి కాదు. అంటే ఇప్పుడు ఆ గడపనూ ఈ తలనూ పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది.

సంఘం వచ్చి చూడటానికి ఒప్పుకుంది. రోజు మాత్రం సచివాలయం యంత్రం నిర్ణయిస్తుందట. కట్ట మీద దారి పొడిగా ఉండే రోజు చూసి అష్టమి పెట్టింది. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం ఉబ్బుతుంది, అష్టమికి సద్దుమణుగుతుంది. అది ఉప్పు మడి దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఇంతకుముందు వచ్చిన సంఘాలన్నీ అష్టమికే వచ్చాయని కూర్మారావు చూసి చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ పౌర్ణమి పోటును చూడలేదు. నిద్రపోతున్న పామును చూసి కోరలు లేవని రాసుకుపోయారు.

పౌర్ణమికి మార్చమని అడిగాను. అప్పుడు దారి తడిగా ఉంటుంది, సభ్యులకు ప్రమాదం అన్నారు.

అష్టమి

తొమ్మిది మందీ వచ్చారు. పోటు వేళ కూడా నీళ్ళు కట్ట తలకు చాలా కిందే ఆగాయి. ఒకాయన, ఇంత ఎడం ఉంటే ఇంకేం భయమండీ అన్నాడు.

మట్టం చూసే ఉద్యోగి మద్దాల ఏలియా. మా వాడ పిల్లవాడే, ఒకటో వరుస, ఇప్పుడు నలభై దాటాయి. సంస్థ చొక్కా వేసుకుని పునాది రాయి దగ్గర కొలత పుల్ల చూసి పద్నాలుగు అన్నాడు. నా ముఖం చూడలేదు.

అప్పుడు మా ఆడవాళ్ళు లెవెల్ పైపు తెచ్చారు. తాపీ మేస్త్రులు వాడేదే. నలభై బారల పొడవు, లోపల పసుపు కలిపిన నీళ్ళు. లైట్‌హౌస్ గడప దగ్గర ఒక కొస పట్టుకుని, రెండో కొస దగ్గర మేకు పాతి, నీళ్ళు నిలిచిన చోట గీత గీసి, అక్కణ్ణుంచి మళ్ళీ. పదకొండు సార్లు మార్చాం. ఎండలో ఒకటిన్నర జాము పట్టింది. చివరికి కట్ట తల మీద గడ్డపార నిలబెట్టి పైపు కొస దానికి ఆనించాం. పసుపు నీళ్ళు గడ్డపార మీద నా నడుము దగ్గర నిలిచాయి. కట్ట తల అంత కిందికి దిగింది. మూరన్నర.

హేమలత గారు మళ్ళీ చేయమన్నారు. ఈసారి కొసలు ఆమె మనుషుల చేతికే ఇచ్చాం. రెండు వేళ్ళు తేడా వచ్చింది, అంతే.

ఏలియా గడ్డపార వైపు చూస్తూ నిలబడ్డాడు. “పిన్నీ, నేను తప్పు చెప్పలా. పుల్ల ఎంత చెబితే అంత చెప్పా,” అన్నాడు.

నువ్వు తప్పు చెప్పావని నేనన్నానా అని అడిగాను.

దశమి

సంఘం మెట్ట మీద తలుపులు మూసి కూర్చుంది. పౌర్ణమికి అయిదు రోజులు. గాలి తోడైతే ఆ పోటు కట్ట దాటుతుందని నేను చెప్పాను. వాడను మెరకకు పంపమని సంఘం ఈ రోజే చెప్పాలన్నాను.

హేమలత గారు లేచింది. నాలుగేళ్ళ కిందట ఏటిమొగ ఊళ్ళో కట్ట తెగిందని ఒట్టి పుకారు పుట్టింది. తీగబండి మెట్ల దగ్గర తొక్కిసలాటలో పదిహేడు మంది పోయారు. కట్ట చెక్కుచెదరలేదు. ఆ పదిహేడు పేర్లూ ఆమె కాగితం చూడకుండా చెప్పింది. పోయినవాళ్ళలో ఆమె తమ్ముడు ఉన్నాడని కూర్మారావు తర్వాత నాతో అన్నాడు. అందుకే ఆమె మీద నాకు కోపం రాలేదు. భయం ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆమె చెబుతున్నది అబద్ధం కాదు.

సంస్థ నలభై రోజుల్లో కొత్త యంత్రాలతో మళ్ళీ కొలుస్తుంది, అంతవరకూ ఈ సాక్ష్యం సంఘం ముద్ర కింద ఉంటుంది, నివేదిక సభ ముందు పెట్టేదాకా ఏ సభ్యుడూ బయట నోరు విప్పకూడదు. ఇది తీర్మానం. నలుగురు సరే, నలుగురు కాదు. తొమ్మిదో చెయ్యి అధ్యక్షులది. ఆయన నా వైపు తిరిగారు.

“నాంచారమ్మగారూ, మీ పైపు అబద్ధం చెబుతోందని నేననను. ఒక్క పైపు మాట మీద ఆరువందల ఇళ్ళు లేచిపొమ్మని ఎలా చెప్పను?”

“ఒక్క రాయి మాట మీద ఇరవై రెండేళ్ళు పడుకోబెట్టారు గదండీ.”

ఆయన తీర్మానం కాగితం మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత చెయ్యి ఎత్తారు. ఐదు, నాలుగు.

ద్వాదశి

ఇంటికి వచ్చి రెండు రోజులు. దినచర్య రాయడానికి కూర్మారావు కూడా నాతో దిగి వచ్చాడు. నోరు విప్పలేదు. అన్నం సయించలేదు. మడిలో ఉప్పు తెల్లగా పేరుకుంది, మరో మూడు రోజుల్లో లాగాలి. ఈ ఏడు ఇదే మంచి పంట.

సీతారావమ్మ మంచం మీద నుంచి నన్నే కనిపెట్టి చూస్తోంది. “ఏమే, సభకెల్లి మూగదానివై వచ్చావేంటే,” అంది. మధ్యాహ్నానికి ఆమెకు చెప్పేశాను. ముద్ర అప్పుడే విరిగింది. నేరం ఎప్పుడు జరిగిందని మీరు అడుగుతారు కాబట్టి రాయిస్తున్నాను: ద్వాదశి, మధ్యాహ్నం, గంజి తాగించేటప్పుడు.

ఆమె నమ్మలేదు. “కంభం రోజూ క్షేమం అంటంది గదే. నువ్వు సభకెల్లినంత మాత్రాన కంభం అబద్ధమాడుద్దా,” అంది. మూడు వరుసలు తిరిగి ఇంటింటికీ చెప్పాను. అందరిదీ అదే మాట. ఒకామె మజ్జిగ ఇచ్చి, ఎండ దెబ్బ తగిలిందేమో కాసేపు కూర్చోమంది.

ఏలియా ఇంటికి వెళ్ళి, కంభం చేత నిజం చెప్పించమన్నాను. “కంభం నా మాట యినదు పిన్నీ. పుల్ల మాటే యింటది,” అన్నాడు. వాకిట్లో అతని చిన్నది గంతులేస్తూ పద్నాలుగు మూరలు, పద్నాలుగు మూరలు అని పాడుతోంది.

త్రయోదశి

పొద్దున పార తీసుకుని మడికి వెళ్ళాను. పంట మీద ఉన్న మడికి గండి కొట్టాను.

ఇది చదివే మెట్టవాళ్ళకు చెప్పాలి. మేం ఎండిన ఉప్పును మడిలో వదలం. తుఫాను వచ్చినా, జ్వరమొచ్చినా, కాన్పు నొప్పులు వచ్చినా లాగి కుప్ప వేశాకే గట్టు దిగుతాం. ఇంట్లో మనిషి పోతే మాత్రం ఆ ఇంటివాళ్ళు గట్టు తెగ్గొట్టి ఆ పంటను కాలవలోకి వదిలేస్తారు. ఇంక దేనికీ వదలరు. ఎక్కడైనా గండి కనపడితే వాడంతా ఆ ఇంటికి నడుస్తుంది.

పేరంటాలు గట్టు మీద నిలబడి చూసింది. ఆ ఉప్పు ఆమె కాళ్ళు. నన్ను ఆపలేదు. కాసేపటికి రెండో పార తీసుకుని అవతలి గట్టు తను తవ్వింది. అప్పుడు నేను ఆమెతో, మూడేళ్ళూ నీ కాళ్ళ తప్పు కాదే అన్నాను. ఆమె తలెత్తకుండానే, తెలుసులే అమ్మా అంది.

నీళ్ళు తెల్లగా కాలవలోకి పోతుంటే ఆడవాళ్ళు పరుగున మా ఇంటికి వచ్చారు. వాకిలి నిండిపోయింది. ఎవరు పోయారు, సీతారావమ్మేనా అని ఒకరినొకరు అడుగుతున్నారు. లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. “నేను బతికే ఉన్నానే. నాకు ముందుగానే దినం పెడతంది ఇది.”

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగారు. నా వైపు చూశారు.

“ఇంకా ఎవరూ పోలేదు,” అన్నాను. “పోయాక గండి కొట్టడానికి ఎవరూ మిగలరని ముందే కొట్టాను.”

తర్వాత సంఘంలో జరిగిందంతా చెప్పాను. పునాది రాయి, గడప, మూరన్నర, ఐదు చేతులు, నాలుగు చేతులు. పేర్లు కూడా చెప్పాను. దాచుకోను. ఈసారి ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు. నా మడి అటువైపు ఖాళీగా కనపడుతోంది. ఒకామె కూతురు చెయ్యి పట్టుకుని ఆ పిల్ల మడమలు చూసి ఏడ్చింది.

లోపల్నుంచి సీతారావమ్మ, “నన్నెత్తండే,” అంది.

చతుర్దశి

ఏటిమొగ నా మనసులో ఉంది. అందుకని మడులకు నీళ్ళు వదిలే వంతు ప్రకారమే కదిలాం. ఏ వరుస తర్వాత ఏ వరుసో, ఎవరు ఎవరి గట్టు దాటకూడదో పసిపిల్లకు కూడా తెలుసు. పోట్లాటలు లేవు. సీతారావమ్మను నులక మంచంతోనే నలుగురు ఎత్తారు. దారి పొడుగునా, నన్ను పాడె ఎక్కించినట్టుంది, కాస్త సరిగ్గా మొయ్యండి అని తిడుతూనే ఉంది.

సాయంత్రానికి నాలుగువందల ఇళ్ళవాళ్ళు మెరకవాడ షెడ్లకు చేరారు. రెండువందల పైచిలుకు రాలేదు. నా తప్పు ఒకటి రాయించాలి. లైట్‌హౌస్ మెట్ల మీద పాకుడు పట్టిందని నాకు తెలుసు, ఇసుక చల్లించడం మరిచాను. బుడితి రత్తాలు జారింది. చెయ్యి విరిగింది. ఆమెకు ఒక్క చేత్తో మడి సాగదు.

పౌర్ణమి

పొద్దున తొమ్మిదికి పోటు. కట్ట మీదికి నేను వెళ్ళాను. ఏలియా అప్పటికే ఉన్నాడు. అతని చొక్కా మీద సంస్థ గుర్తు ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు.

గాలి లేదు. ఆకు కదలలేదు. సముద్రం చప్పుడు లేకుండా పాలు పొంగినట్టు పైకి వచ్చింది. కట్టకు సముద్రంవైపున్న మెట్టు మునిగింది. పడవలు కట్టే గొలుసు మునిగింది. రాళ్ళ మధ్య ఎండ్రకాయలు పైకి పాకి మా కాళ్ళ మధ్య నుంచి లోపలివైపు దిగిపోయాయి. వెనక్కి చూస్తే మా ఇళ్ళ కప్పులు నీళ్ళ కంటే కింద కనపడ్డాయి. డెబ్బై ఆరేళ్ళలో నా ఇంటిని అలా చూడలేదు.

వీధిలో కంభం పలికింది. కట్ట ఎత్తు పద్నాలుగు మూరలు. క్షేమం.

ఏలియా బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపాడు. నీళ్ళకూ తలకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టాయి. అయిదోది పట్టలేదు. నేను కూడా పెట్టి చూశాను. ఎంతసేపో అలాగే ఉన్నాం. తర్వాత నీళ్ళు దిగడం మొదలైంది.

కట్ట తెగలేదు.

బహుళ తదియ

దాదాపు అందరూ దిగిపోయారు. మడుల్లో ఉప్పు తేమ తగిలి నల్లబడింది. కదలనివాళ్ళు తమ కుప్పలు చూపించి నవ్వారు. నాకు పౌర్ణమి నాంచారమ్మ అని పేరు పెట్టారు. మొన్న మడమలు చూసి ఏడ్చినామె ఈ రోజు నన్ను చూసి పక్క గట్టు ఎక్కింది. ఆమె ఇంట్లో ఈ నెల ఉప్పు లేదు.

నోటీసు వచ్చింది. కూర్మారావు చదివాడు. సంఘం రహస్యం బయటపెట్టడం, భయం పుట్టించడం, ఒకరి గాయానికి కారణం కావడం. మూడు నేరాలు. సంఘం ముందు విచారణ అమావాస్య పొద్దున తొమ్మిదికి, మెట్ట మీద సభా భవనంలో. కట్ట గట్టిదని పౌర్ణమి రుజువు చేసిందని కూడా అందులో రాశారు.

బహుళ షష్ఠి

ఇది నా చివరి కాగితం. దీన్ని సంఘానికే చెప్పుకుంటున్నాను.

మొదటి నేరం చేశాను. రెండోది కూడా చేశాను. భయం నా దగ్గర ఉంది, పంచాను. మూడోది, రత్తాలు చెయ్యి, అది మీరు రాయకపోయినా నేను ఒప్పుకునేదాన్ని. ఆమె మడి పేరంటాలు తొక్కుతోంది. మీరు ఏ శిక్ష వేసినా అనుభవిస్తాను, సభ్యత్వం తీసేసినా సరే.

ఒక్క సంగతి చూడండి. ఏడాది మొదట్లో కరకట్టల సంస్థ పోట్ల పట్టిక వేస్తుంది. వాళ్ళ పట్టికే, నా పైపు కాదు. దాన్ని కూర్మారావు చేత మూడుసార్లు చదివించుకున్నాను. ఈ నెల అమావాస్య పోటు పౌర్ణమి పోటుకు జానెడు పైన వస్తుందని అందులో ఉంది. పౌర్ణమికి మిగిలింది బెత్తెడు. బెత్తెడు సందులో జానెడు నీళ్ళు ఎలా ఇముడుతాయో లెక్కలు వచ్చినవాళ్ళు మీరు చెప్పండి. గాలి సంగతి నేను కలపలేదు.

ఈసారి నేను చెబితే మా వాళ్ళు లేవరు. ఇంకో మడికి గండి కొడదామంటే నాకు మడి లేదు. ఒకసారి వాడిన ఆనవాయితీ రెండోసారి పని చేయదు. రోజూ పొద్దున కంభం క్షేమం అంటోంది, వాళ్ళు పడుకుంటున్నారు. నాకు నిద్ర లేదు. ఆరువందల పన్నెండు ఇళ్ళు, తొమ్మిది రోజులు.

మీరు పెట్టిన విచారణ సరిగ్గా ఆ పోటు వేళకే. నేను మీ పిలుపు మన్నించి వస్తే ఆ పూట మెట్ట మీద క్షేమంగా కూర్చుని ఉంటాను, నా వాళ్ళు ఇక్కడ ఉంటారు. అందుకని రాను. వారెంటు పంపితే కట్ట కిందే దొరుకుతాను.

నా మనవి ఇదొక్కటే. విచారణ మా వాడలో పెట్టండి. అమావాస్య, పొద్దున తొమ్మిది, ఒకటో వరుస వీధిలో, కట్ట నీడలో. మిగతా ఎనిమిది మందీ రానక్కర్లేదు, చెయ్యి ఎత్తిన అయిదుగురు చాలు. హేమలత గారు కూడా రావాలి. ఆమెకు నా పక్కన కుర్చీ వేయిస్తాను. మంచినీళ్ళు పెడతాం. మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు నన్ను అడగండి, తీర్పు అక్కడే చెప్పండి.

రాలేమంటే, ఎందుకు రాలేరో కాగితం మీద రాసి, కింద ముద్ర వేసి పంపండి. దారి తడి అని రాసినా సరే, ప్రమాదమని రాసినా సరే. కూర్మారావు దాన్ని కంభం పక్కన నిలబడి చదువుతాడు. మా వాళ్ళు చెవిటివాళ్ళు కారు. మీరు కూర్చోలేమన్న వీధిలో తాము పడుకుని ఉండొచ్చా లేదా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు. ఆ పూట ఎవరినీ లేపే పని నాకుండదు.

జవాబు ఏకాదశి లోపల రావాలి.

ఇది నా ఎడమ బొటనవేలి నిశానీ. ఉప్పుకు గీతలు అరిగిపోయాయి. సభ యంత్రం దీన్ని చూసి మనిషి కాదంటుంది. అందుకని ముగ్గురు సాక్షుల ఎదుట వేశాను.

కొక్కిలిగడ్డ నాంచారమ్మ నిశానీ

సాక్షులు:

పసుమర్తి కూర్మారావు, సభ లేఖకుడు. చెప్పినది చెప్పినట్టు రాశాను, చదివి వినిపించాను.

కొక్కిలిగడ్డ సీతారావమ్మ, నిశానీ. మంచం మీద నుంచి వేసింది.

మద్దాల ఏలియా, కరకట్టల సంస్థలో మట్టం చూసే ఉద్యోగి. పౌర్ణమి నాడు నాలుగు వేళ్ళు పెట్టి చూసింది నేనే. సొంత ఇల్లు పల్లపువాడ, ఒకటో వరుస. చతుర్దశి నుంచి భార్యాపిల్లలతో ఉంటున్నది మెరకవాడ, లైట్‌హౌస్ షెడ్డు.